విరామానికి కారణం

శుక్రవారం మధ్యాహ్నం. హసావీ సందుల్లో
మూడు రోజుల దుమ్ము అప్పుడే కిందికి దిగింది.
మా టైపింగు కొట్టులో పేజీకి పావు దీనారు.
అకామా రెన్యువలు, వీసా మార్పు,
పారిపోయిన పనిమనిషి మీద కఫీలు ఫిర్యాదు,
అన్నీ ఈ ఒక్క కీబోర్డు మీదే కొడతాను.

నాగసుబ్బమ్మక్క కూతురి కాగితాలు తెచ్చింది.
పుల్లంపేటలో ఇంటరు, తొమ్మిది వందల నలభై.
"గల్ఫులో పనిజేసేవాళ్ళ పిల్లోళ్ళకని
ఒక గడి ఉందంట గదా సామీ,
దాండ్లో టిక్కు పెట్టు."

ఉంది.
పక్కనే ఎన్నారై గడి, ఫీజు డాలర్లలో.
"ఈ ఎన్నారై అంటే ఎవురు?"
నువ్వూ నేనూ కూడానక్కా అన్నాను.
నమ్మలేదు.

జీతం నూట పది దీనార్లు.
ఇరవై నంబరు వీసా.
మామా పెట్టిన సంతకం, ఊదు వాసనతో సహా.
దరఖాస్తు పోయింది. వచ్చిన నంబరును అక్క
చిన్న నోటుబుక్కులో అరబ్బీ అంకెల్లో ఎక్కించుకుంది.
నేను చూడటం చూసింది.
"బాబా చిన్నకొడుకు ఒకటో తరగతప్పుడు
వాడూ నేనూ ఒగే పుస్తకంలో నేర్చుకున్యాం.
వాడు రెండుకు పోయినాడు."

తలుపు దాకా వెళ్ళి
తిరిగొచ్చింది.

"పిల్లోళ్ళకు గడి ఉంది సరే.
పనిజేసేదానికి ఉందా?"

వెతికాను.
మాజీ సైనికుల పిల్లలు. క్రీడాకారులు. దివ్యాంగులు.
ఎన్‌సీసీ.
చాలాసేపటికి, ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయం అడుగున,
ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్ళకు అర్హత పరీక్ష.
పరీక్షా కేంద్రాల్లో కడప ఉంది. కువైట్ లేదు.
"సెలవడుగుతా లే. నువ్వు కొట్టు."

చదువు ఆగింది ఎప్పుడు? తొమ్మిదిలో.
విరామం ఎన్నేళ్ళు? ఇరవై ఐదు.
విరామానికి కారణం?

నవ్విందక్క. ముందు మెల్లగా,
తర్వాత స్కార్ఫు నోటికడ్డం పెట్టుకుని.
"విరామమంట!
నాలుగేండ్లు శుక్రవారం కూడా లేకుండా జేసినా సామీ.
ఆ మాట రాసినోడెవుడో ఒగసారి పిల్చకరా."
ఆ గడిలో యాభై అక్షరాలకే చోటు.
ఇల్లు అని కొట్టాను.

పుట్టిన తేదీ దగ్గర ఇద్దరం ఆగిపోయాం.
ముప్పై దాటని ఆడమనిషిని విమానం ఎక్కనివ్వరని
ఏజెంటు ఆమెకు ఆరేళ్ళు అరువిచ్చాడు.
పాస్‌పోర్టులో నలభై ఐదు.
ప్లాస్టిక్ కవర్లోంచి తీసిన బడి టీసీలో,
మడతల దగ్గర చిరిగి, గంజి వాసనతో,
ముప్పై తొమ్మిది.
ఇన్నేళ్ళూ దుప్పట్ల కింద దాచుకున్న కాగితం అది.

ఏది కొట్టమంటావక్కా?
పాస్‌పోర్టుదైతే దరఖాస్తు సాఫీగా పోతుంది,
టీసీ అక్కర్లేదు, ఎవరూ అడగరు.

బయట కోస్టరు బస్సు హారను కొట్టింది.
ఎనిమిదింటికి బాబా ఇంట్లో ఉండాలి ఆమె.
"టీసీది కొట్టు."
ఆలోచించు.
"ఆరేండ్లు వాని అబద్ధాన్ని మోసినా చాలదా?
సదువుకాడికి గూడా దాన్నే ఎత్తుకోని పోవాల్నా?"

కొట్టాను.
తెర మీద ఎర్రగా వచ్చింది:
వివరాలు గుర్తింపు పత్రంతో సరిపోలడం లేదు.

మెత్తగా ఎలా చెప్పాలా అని నేను వెతుక్కునేలోపే
అక్క వంగి, వేలు గాల్లో కదుపుతూ,
ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేసింది.
చదివి ఊరుకోలేదు.
వేలు కిందికి జారింది,
పదకొండేళ్ళుగా ఫారాలు నింపుతూ
నేనెప్పుడూ చదవని
సన్నక్షరాల చివరి వరస మీదికి.

"అభ్యంతరముంటే ఈ చిరునామాకు రాసుకోవచ్చునని
ఉంది గదా ఈడ."
కుర్చీ లాక్కుని కూచుంది.
ఇంకో పావు దీనారు బల్ల మీద పెట్టింది.
"రాయి. నేను జెప్తా."