బూట్లు మెత్తబడే వారం

నాలుగు రోజులు సెలవు కావాలంటే
యజమానురాలు దోన్యా ఎల్వా అడిగింది:
"ఎవరు పోయారు?"
ఎవరూ పోలేదన్నాను.
"మరి పెళ్లా?"
నేనే పోతున్నానన్నాను, కొండల్లోకి, ఊరికే.
ఇస్త్రీపెట్టె నిలబెట్టి
నా వంక చూసింది
మరక వదలని చొక్కాని చూసినట్టు.

పదిహేడేళ్లుగా ఈ వరాస్ ఊళ్లో
కొండలెక్కి దిగొచ్చినవాళ్ల బట్టలు ఉతుకుతున్నాను.
ఏ లోయ ఏ రంగులో కారుతుందో నాకు తెలుసు.
సాంతాక్రూస్ లోయవి బూడిదరంగు నీళ్లు.
కనుమ దాటినవాళ్ల మేజోళ్లలోంచి
పిండేకొద్దీ ఎర్రమట్టి.
ఆ కనుమ పేరు పూంతా ఉనియోన్.
నా లెక్కలో అది
మూడుసార్లు జాడించాల్సిన చోటు.

బూట్లు నావి కావు,
నూట పదిహేడో నంబరు చీటీవి.
బెల్జియం పిల్ల ఒకతి శుభ్రం చెయ్యమని ఇచ్చి
రేపొస్తానంది.
మూడు వానాకాలాలు చూశాను.
నా పాదానికి వేలెడు పొడవెక్కువ,
రెండు జతల మేజోళ్లు తొడిగితే సరిపోయాయి.
ఆ మేజోళ్లూ ఎవరో మర్చిపోయినవే.

"నీకు కొత్తవే కదా పిన్నీ,
ఊళ్లోనే నడక నేర్పు వాటికి" అన్నాడు
మా అక్క కొడుకు యోబెర్, గాడిదలు తోలేవాడు.
అందుకని వారం నుంచీ
కూరగాయల సంతకీ ఇవే, సబ్బునీళ్ల గచ్చు మీదా ఇవే,
ఆదివారం చర్చికీ ఇవే.
దివ్యప్రసాదం ఇస్తూ ఫాదిరి కిందికి చూశాడు.
మడమ దగ్గర బొబ్బ లేచింది, చితికింది, మళ్లీ లేచింది.
ఇప్పుడక్కడి చర్మం
నా అరచేతిలా ఉంది.
మెత్తబడింది బూటో, గట్టిపడింది నేనో.

తొమ్మిది కిలోలు వీపున వేసుకుని ఎక్కి చూడమన్నాడు.
నా దగ్గరున్న బరువు తడి దుప్పట్లే.
హోటలువి నాలుగు, పిండీ పిండకుండా సంచిలో కుక్కి
తెల్లారకముందే శిలువ గుట్ట ఎక్కాను.
వెన్నంతా చల్లగా కారింది.
పైన తీగ లేదు, తుప్పల మీద ఆరేశాను.
ఎండ వచ్చింది,
ముందు వాస్కరాన్ శిఖరం మీదికి,
చాలాసేపటికి నా మీదికి.
కిందికొచ్చి తూచితే నాలుగున్నర.
మిగతా సగం ఎండ మోసుకుపోయింది,
కూలి అడగలేదు.

అమ్మ ఆ లోయలోనే గొర్రెలు కాసింది.
తప్పిపోయిన గొర్రె కోసం ఎక్కింది,
మందాకు కోసం ఎక్కింది,
సంతలో ఐసు గీకి అమ్మేవాడికి
మంచు పెళ్లలు కోసి తేవడానికి ఎక్కింది.
"చూడ్డానికా? చూడ్డానికి ఎవరెక్కుతారే?
అది మనల్ని చూస్తోంది, చాలదూ?" అనేది.
నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పుట్టింది మొదలు మూడువేల మీటర్ల ఎత్తునే నా ఊపిరి.
మా మూడు మెట్లెక్కి రొప్పుతూ కూలబడే పరదేశులకి
కోకా ఆకుల టీ ఇచ్చి
వెనక్కి తిరిగి నవ్వుకునేదాన్ని.
"నాలుగున్నర వేలు దాటాక
అందరూ పరదేశులే పిన్నీ" అన్నాడు యోబెర్.
ఈసారి నవ్వలేదు.

రాత్రి సంచి సర్దాను.
వేయించిన మొక్కజొన్నలు, జున్నుముక్క,
కడుపునొప్పికి మూన్యా ఆకు,
అరువు టార్చి,
ఎవరో వదిలేసిన ఎండ క్రీము, అడుగంటింది,
గొట్టాన్ని కత్తిరించి వేలితో తీశాను.
సబ్బు పెట్టాను. తీశాను.
మళ్లీ పెట్టాను.
నాలుగు రోజులు ఎవరి మురికీ తగలకపోతే
ఈ చేతులు ఏం చేస్తాయో,
జేబుల్లో ఎలా ఉంటాయో.

దుకాణం మూసేముందే
చీటీల పుస్తకంలో రాసి వచ్చాను:
హెర్మెలిండా. బూట్లు ఒక జత, మేజోళ్లు రెండు, ప్యాంటు.
శుక్రవారం.
"బరువు" అని ఉన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
అది ఇచ్చినప్పుడు తూచి
దోన్యా ఎల్వా రాస్తుంది.