గడియ

నిజ్వా కోట వెనక సందులో, శుక్రవారం,
మేకల సంత లేచిపోయి దుమ్ము ఇంకా దిగకముందే
ఖల్ఫాన్ తాత వచ్చాడు, దుప్పట్లో చుట్టిన తుపాకితో.
వెనకాలే మనవరాలు రాయా,
చేతిలో చక్రాల పెట్టె. అందులో ఇంకొకటి.

రెండూ నా బల్ల మీద పక్కపక్కన పడుకున్నాయి.
సేటు హిలాల్ కావా పోస్తూ అన్నాడు:
"లింగా, ఏది మేలో నువ్వే చెప్పు."
నేను తీర్పు చెప్పేవాణ్ణి కాను. ఆకురాయి పట్టేవాణ్ణి.

ముందు పాతది.
అక్రోటు కర్ర. తాత చెంప ఆనిన చోట
ఎన్నేళ్ల చెమటో అవిసె నూనెతో కలిసి
పాత చింతపండు రంగు తేలింది.
పట్టు దగ్గర చెక్కిన గళ్లు
అరిగి అరిగి బొటనవేలికి దారి ఇచ్చాయి.
వెనక రెక్కలాంటి తాళం, దానికి మూడు నిలకడలు.
నడిమిదాంట్లో పేలదు గానీ గడియ తెరుచుకుంటుంది,
కోపమొచ్చినా తలుపు తీసే మనిషిలా.
గడియ ఎత్తితే నిటారుగా, తొంభై డిగ్రీలూ లేస్తుంది.
పక్కన పొడుగాటి ఉక్కు గోరు:
తూటా తల ఎత్తగానే మడమ పట్టుకుంటుంది,
గదిలోకి చేర్చేదాకా వదలదు,
పేలాక బయటికి తెచ్చేదీ అదే.
ఆ గోరే విరిగింది.

రాయాది నల్లటి ప్లాస్టిక్.
కాదు, ఏదో నార కలిపిన గట్టి సరుకు.
తట్టితే ఖాళీ నీళ్ల ట్యాంకు చప్పుడు.
నవ్వబోయి ఆగాను.
గొట్టానికీ కర్రకూ (కర్ర అనడం నా అలవాటు) నడుమ
వంద బైసాల నోటు దూర్చి లాగితే
ఎక్కడా తగల్లేదు.
పాతదానికి అది కుదరదు.
మస్కట్ తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని నెట్టిందంటే
గురి జానెడు పక్కకి.
కొత్తదాని గడియ అరవైకే తెరుచుకుంటుంది,
పైన దుర్బిణి ఉన్నా వేళ్లు గీసుకోవు.
మీట నొక్కితే చీపురుపుల్ల విరిగినట్టే,
ముందస్తు కబురు లేదు.
తూటాను మాత్రం చెయ్యి పట్టి తీసుకెళ్లదు,
వీపు మీద చెయ్యేసి తోస్తుంది.
ఉత్త తూటా పెట్టి, సగంలో ఆపి బోర్లించాను.
రాలి బల్ల కిందికి దొర్లింది.
"నేను కాల్చేది కాగితాన్ని," అంది రాయా,
"కాగితం నా మీదికి దూకదు."
తాత నవ్వాడు, దగ్గొచ్చేదాకా.

కొత్త గోరు తెప్పిస్తే ఆరు వారాలు.
మూలన పాత లాండ్ క్రూజర్ కమాను పట్టీ ముక్క ఉంది.
లారీ పట్టీలతో కొడవళ్లు కొట్టేవాడు మా నాయిన.
మా కోనసముద్రం ఉక్కు ఒంటెలెక్కి
డమాస్కస్ కత్తి అయిందని తాతల నాటి మాట.
నేను నమ్మలేదు.
ఆ ఉక్కు వచ్చిన వైపుకే నేనూ వచ్చాను,
ఏజెంటుకు ఎనభై వేలు కట్టి.

కాల్చాను, సాగగొట్టాను, రాకాను.
గడ్డి రంగు దాటింది, గోధుమ దాటింది,
నెమలి మెడ రంగు పొడగానే నూనెలో ముంచాను.
ఒక్క క్షణం ఆలస్యమైతే అది గోరు కాదు, రేకు.
అసర్ బాంగు వినబడేసరికి గోరు కూర్చుంది.

తాత ఉత్త తూటాతో ఆడించాడు. ఒకసారి. మళ్లీ.
"గజాల్ మీద గురి పెట్టి ముప్పై ఏళ్లు," అన్నాడు,
"ఇప్పుడవి కనబడితే చాలు.
నిద్ర పట్టని రాత్రి దీన్ని తీసి వేసుకుంటా, అంతే."
మా భాషలో తలుపుకు వేసేదీ గడియే,
పొద్దును కొలిచేదీ గడియే.
అరబీలో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

రాయా చెయ్యి చాపింది. తాత ఇచ్చాడు.
ఆమె గడియ ఎత్తింది. అరవై దగ్గర
చెయ్యి అలవాటుగా ఆగిపోయింది,
లాగితే రాలేదు.
"ఇంకా," అన్నాడు తాత,
"ఇంకా ఎత్తు."

హిలాల్ నా వైపు చూశాడు, మళ్లీ అదే ప్రశ్నతో.
గోరుకు ఐదు రియాళ్లు అన్నాను.
రెండోదానికి ఏమీ లేదు, దానికేం కాలేదు.
వంగి బల్ల కింద
ఆ తూటా కోసం వెతికాను.