ఆరేదాకా

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో నాది పాస్‌పోర్టు ఫొటోల కొట్టు.
మూతబడ్డ గురుగుబెల్లి వారి స్టూడియో నుంచి
చెక్క కెమెరా ఒకటి రిక్షా ఎక్కి నా దగ్గరికొచ్చింది.
లెన్సు బాగుంది, తోలు తిత్తి బాగుంది,
వెనకాల బొమ్మ చూసుకునే గరుకు అద్దం మాత్రం
రైల్వే గేటు గతుకులో పగిలిపోయింది.

మొదట, తలుపు అద్దాల మీద హంసలు దించే కుర్రాణ్ణి అడిగాను.
అద్దాన్ని తినే మందు చిన్న డబ్బాలో పెట్టిచ్చి
"అక్కా, సేతికంటితే ఎముక దాకా పోతాది" అన్నాడు.
తొడుగులేసుకుని, పెరట్లో గాలివాటు చూసుకుని పూశాను.
తిన్నది. కానీ ఆబగా తిన్నది.
కుంచె నడిచిన దారులన్నీ
చీపురు గీతల వాకిలిలా మిగిలాయి.

అప్పుడు గుర్తొచ్చాడు తవిటయ్య మావ.
డీజిలింజన్ల వాల్వులు అరగదీసే పేస్టు
అగ్గిపెట్టెలో బొటనవేలంత పెట్టిచ్చాడు.
"అద్దాన్ని పాడు సెయ్యడానిక్కూడా ఇంత కట్టమేటే పిల్లా?"

తడి గోనె మీద కిటికీ అద్దం,
దాని మీద పేస్టు, నాలుగు చుక్కల నీళ్లు,
పైన అరచేయంత ఇంకో గాజు ముక్క.
సున్నాలు చుట్టాను, ఎనిమిదులు చుట్టాను.
పళ్లు జివ్వుమనే చప్పుడుకి
పక్కింటి నీలవేణి కిటికీ మూసుకుంది.
రెండో రోజుకి రాయిపొడి నలిగి
బియ్యం కడుగుతున్నంత మెత్తబడింది.
మూడో సాయంత్రం కరెంటు పోయినా ఆపలేదు,
ఇంకా ఎక్కడ నున్నగా ఉందో చేతికే తెలుస్తోంది.

తీరా కడిగితే గుండె జారింది.
తడి ఉన్నంతసేపూ అది మామూలు అద్దమే,
కింద గోనె పోగులు లెక్కపెట్టొచ్చు.
మూడు రోజులూ నేనేమీ చెయ్యనట్టే.
అంచుల నుంచి ఆరుతూ ఆరుతూ
గంజి పెట్టిన పంచెలా
అప్పుడు తెల్లబడింది.

బిగించి, నల్ల దుప్పటి కింద దూరాను.
రోడ్డంతా తలకిందులుగా వేలాడుతోంది:
ఆటోలు, అరటిగెలలు, ఎవరిదో ఎర్ర గొడుగు,
కొట్టు ముందు టీ గ్లాసుతో తవిటయ్య మావ.
ఒక్క చుక్కా ఒలకలేదు.

పిలిచాను.
మంచి కన్నుతో చూసి, దుప్పటి లోపల్నుంచే నవ్వాడు.
తరవాత మెడ తిప్పి
వెల్డింగు రవ్వ పడ్డ కన్ను పెట్టాడు.
చాలాసేపు పెట్టాడు.
"ఇదీ గరుకైపోనాదే కదే.
మరి దీని మీద బొమ్మెందుకు నిలబడదు?"

కన్ను ముందర పొర వేరు,
బొమ్మ పడే పొర వేరు అని చెప్పబోయి మానేశాను.

"పోనీ, మల్లీ నున్నగా సేసే పేస్టుందేటి?"

వేలు నాలిక్కి తడిపి
అద్దం మూల ఒక చుక్క అంటించాను.
అంతమేరా తెలుపు పోయి
పెసరబద్దంత చోటు తేటపడింది.

మావ దాని మీదికి వంగి
ఆరేదాకా చూశాడు.