పదమూడు వన్నె

రాజోలి దిగువన తుంగభద్ర సన్నని పాయ.
జమ్ములమ్మ చెక్కచేటను కుడికోసారి, ఎడమకోసారి వంచుతుంది.
తెల్ల ఇసుక ముందు పోతుంది, తేలిక కనుక.
నల్ల ఇసుక మొండిది.
దానికి నేను అయస్కాంతం చూపిస్తాను,
చీమలబారులా లేచి అంటుకుంటుంది.
అడుగున మిగిలినవి ఏడు.
ఒక్కొక్కటీ నువ్వుగింజలో పావు వంతు.

"మీ నాయిన మా అమ్మను ముంచిండు" అంటది,
నీళ్లవైపే చూస్తూ.
"గీటురాయి మీద ఏటి బంగారం పసుపుకొమ్ము లెక్క మెరిసేది.
ఆయన పదమూడు వన్నె అని రాసుకునేటోడు."

మౌనేశాచారి బిడ్డను నేను.
గద్వాల కోట వెనక గల్లీలో మా కొలిమి.
ఆయన పోయి పదకొండేళ్లు.
గురిగింజల డబ్బీ నా దగ్గరుంది, జవాబు లేదు.
ఏడు రేణువుల్నీ కాగితంలో మడిచాను.

ల్యాబులో వాటిని రెసిన్‌లో ముంచి, గడ్డకట్టాక
వజ్రపు పొడితో అరగదీశాను,
కడుపు కనిపించేదాకా.
ఎలక్ట్రాన్ల కిరణం కింద
బంగారం తెల్లన, వెండి కలిసినచోట బూడిద.
అంచు చుట్టూ తెల్లటి గీత,
వెంట్రుకలో పదోవంతు మందం,
నూటికి తొంభై ఎనిమిది బంగారం.
లోపల ఎనభై ఒకటి. మిగతాది వెండి.
ఓ మూల టెల్లూరియం చుక్క,
పుట్టిన రాయి ఇంటిపేరు.

ఏరు చేసిన పని ఇది.
వెండి మెత్తని మనిషి, నీళ్లు పిలిస్తే పోతుంది,
పైపొర విడిచి, ఏళ్లకేళ్లు, కొంచెం కొంచెం.
బంగారం కదలదు.
గీటురాయి చర్మం చదివింది.
మా నాయిన మూసలో కరిగించి కడుపు చదివాడు.

పదహారులో పదమూడంటే నూటికి ఎనభై ఒకటి పావు.
మెషీన్ చెప్పింది ఎనభై ఒకటి పాయింట్ మూడు.
నిప్పు రంగు చూసి, రెండు కళ్లతో!
ఆ రాత్రి ల్యాబులో ఒక్కదాన్నే నవ్వాను.

జమ్ములమ్మకు ఫోన్ చేశాను.
పదమూడు నిజమే, అన్నాను.
కాసేపు ఏటి చప్పుడు.
"సరే బిడ్డా. పదమూడు బంగారమైతే
కడమ మూడు ఏంది?"
వెండి, అన్నాను.
"మరి ఎండికి పైసలిచ్చిండా?"

తేజాబ్ గిన్నె, ఎర్రటి పొగ,
రాగిరేకు మీద బూడిదలా పేరుకునేది.
దాన్ని ఊదొద్దని నాయిన నన్ను కసిరేవాడు.
ఆ ఏడే నా కాళ్లకు పట్టీలు.
ఎక్కడివని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ట్రంకుపెట్టె తీసి తూచాను.
నాలుగు తులాల మీద రెండు గురిగింజలు.
రాజోలి బస్సు పొద్దున ఆరున్నరకు.