అగ్గిపుల్ల కొలత

ఔలు పట్టణంలో చలికాలం మధ్యాహ్నం మూడింటికే చీకటి.
మా అపార్ట్‌మెంటు నేలమాళిగలో, ఆవిరిస్నానాల గది పక్కన,
గురువారాలు మేం అయిదుగురం
లేని ఊళ్ళో తిరుగుతాం.
ఆట నడిపేది ఇర్మెలి.
ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి,
మోకాళ్ళు మొరాయించాక పాచికలు పట్టింది.

మొదట్లో మ్యాప్ లేదు.
నోటికొచ్చిందే ఊరు.
వంతెన ఓ వారం ఉత్తరాన, ఓ వారం దక్షిణాన.
కథకి భటులు కావాలంటే మలుపులోనే ఉండేవాళ్ళు,
వద్దంటే ఊరంతా నిద్రపోయేది.
కట్టె, కొట్టె, తెచ్చె.
ఒక సత్రం, ఒక హత్య, ఒక కత్తి చాలదా అన్నాన్నేను.
రాత్రంతా మంచు తోసే బండి నడిపేవాణ్ణి,
వీధులంటే మొహం మొత్తినవాణ్ణి.

ఆమె వినలేదు.
గోడకి అతికించగా మిగిలిన కాగితం చుట్ట తెచ్చి
వెనక వైపు ఊరు గీసింది.
కోట బొటనవేలంత.
తోళ్ళు నానబెట్టే వాడ అరచెయ్యంత.
ఉత్తరాలు ఎక్కువ పోయే చోటే సిరా ఎక్కువ.
కింద మూలన ఒక అగ్గిపుల్ల అంటించి
"దీని పొడవు వంద అడుగులు" అంది.

ధాన్యం దొంగిలించిన రాత్రి
వెనక కుక్కలు, ముందు మూసిన కోటగుమ్మం.
"ఇప్పుడేం చేస్తారు?" కాఫీ పోసుకుంటూ ఇర్మెలి.
ఎవరి దగ్గరా మంత్రం మిగల్లేదు.
తాపానీ కళ్ళద్దాలు నుదుటికి నెట్టి, కాగితం మీదకి వంగి,
"తోళ్ళ వాడ ఇక్కడే కదా,
గాలి ఏటి నుంచి ఇటే కదా" అన్నాడు.
ఆ కంపులో మా వాసన కలిసిపోయింది.
ఆ దారి ఇర్మెలి చెప్పలేదు, ముందు అనుకోనూ లేదట.
ఊరు చెప్పింది.
ఎవరో దయతలచి వదిలేస్తే కాక
నా కాళ్ళతో నేను తప్పించుకోవడం
నాకదే మొదలు.

ఇంకోసారి నా కప్పు అడుగున తడి
ధాన్యం కొట్ల వెనక గుండ్రంగా అచ్చుపడింది.
నేను తుడవబోయేలోపే
'పాత కుస్తీ బరి' అని రాసేసింది.

సైమి సంగతి చెప్పాలి.
ఏడు వారాలు వచ్చింది, పాచిక వేసింది, అంకె చెప్పింది, అంతే.
ఆటలో ఆమె ఊరూ పేరూ లేని విలుకత్తె.
ఎనిమిదో వారం, కొరికి కొరికి అరిగిన గోరొకటి
తోళ్ళ వాడ చివరి గడి మీద ఆగింది.
"ఇక్కడెవరుంటారు?"
"తెలీదు. నువ్వు చెప్పు."
పక్క గదిలో ఎవరో రాళ్ళ మీద నీళ్ళు పోశారు. బుస్సుమంది.
"మా అత్త" అంది సైమి.
"విల్లు వంచడం నేర్పింది. చెవుడు.
తలుపు కొడితే లాభం లేదు, నేలని తన్నాలి."
ఇర్మెలి పెన్ను తీసి ఆ గడిలో పద్నాలుగు వేసింది.
నంబరు లేని ఇంట్లో, ఆమె లెక్కలో, మనుషులుండరు.

ఫిబ్రవరిలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించాం.
మోచెయ్యి నాదే.
ఆర్పేసరికి ఏటి వైపు వాడ సగం
నల్లటి అంచులతో ముడుచుకుపోయింది.
కొత్తది గీస్తుందనుకున్నాం.
"కాలింది కాలినట్టే" అంది.
"పద్నాలుగో నంబరుకి మంట ఎంత దూరం?"
తాపానీ పుల్ల పెట్టి కొలిచాడు. ఒకటిన్నర.
"చుట్టు తిరిగి ఏటికి?"
ఆరు.
బకెట్లెన్ని, చేతులెన్ని, గాలి ఎటు?
గాలి ఏటి నుంచి ఇటే.
మమ్మల్ని కాపాడిన గాలే.

ఆటలో అది ఒక్క రాత్రి,
మాకు మూడు గురువారాలు.
నా భుజాలు నిజంగానే నొప్పిపుట్టాయి,
మంచు బండి వల్లేనని సర్దిచెప్పుకున్నాను.
చివరికి పొగలోంచి ఆ గుమ్మం దాకా చేరాక
సైమి పాచిక అందుకోలేదు.
బల్ల కింద బూటుకాలెత్తి
నేలని తన్నింది.
మూడుసార్లు.

బల్ల అదిరి
పాచికలు వాటంతటవే దొర్లాయి.
ఎవరూ అంకె చూడలేదు.