ఫ్యాను ఆపిన గది

పురసైవాక్కంలో, మేడ మీద, మే నెలలో
ఫ్యాను ఆపి కూర్చునేవాళ్ళం.
గాలి తగిలితే మనిషి ఎగిరిపోతాడే,
అనేది పద్మాసని మామి, కత్తెర తుడుస్తూ.

మనిషంటే అప్పటికి నలభై ఆరు కాగితం ముక్కలు.
కొన్ని చిటికెన వేలి గోరంత, కొన్ని బియ్యపు నూకంత.
చీకటి గదిలో దేవసహాయం కడిగి
క్లిప్పులకి ఆరేసిన ఫొటోలోంచి
అంచు తెగకుండా నేను కత్తిరించినవి.

అంతకుముందు మూడు రోజుల వంట.
కాసిని నెత్తుటి చుక్కలు, చిక్కుడు గింజల సత్తు,
ఒంటి వేడికి సరిపెట్టిన పెట్టె.
కణం రెండుగా చీలబోయే వేళకి
అగ్నిశిఖ విషం ఒక్క బొట్టు.
ఆగు, అక్కడే ఆగు, నీ బొమ్మ తీసుకోవాలి.
ఆ పువ్వు ఇక్కడిదే. కంచెల మీద మంటలా పూస్తుంది.
చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

తర్వాత మూరెడు ఎత్తునుంచి
చల్లటి గాజుపలక మీదికి చుక్క వదలాలి.
పగలాలి, పరుచుకోవాలి, చెదిరిపోకూడదు.
నాకు రెండేళ్ళు పట్టింది చెయ్యి కుదరడానికి.
ఐప్పసి వానల్లో మాత్రం
ఎవరు వదిలినా బాగానే పరుచుకునేవి.

ఇప్పుడు ఎగ్మూరులో పిల్లల ఆసుపత్రి గోడకి
ఇళవేనిల్ అనే అమ్మాయి వాటినే వేస్తోంది.
నిచ్చెన మీంచి అడిగింది,
"ఏడో నంబరు ఏం రంగు, ఆంటీ?"
అన్నీ ఒకటే రంగమ్మా,
నేరేడు పళ్ళు తిన్న నాలుక రంగు.
పుస్తకాల్లో కెంపులూ పచ్చలూ ఎవరో తర్వాత అద్దినవి.
నువ్వు గీసినట్టు ఇంటూ గుర్తుల్లా కూడా ఉండవు.
దండెం తెగి ఒకదాని మీద ఒకటి పడ్డ
చారల తువ్వాళ్ళలా ఉంటాయి.

విన్నది. మూడోదాన్ని నడుం దగ్గర వంచింది.
ఏడోదానికి మాత్రం మామిడిపండు రంగే వేసింది.
గోడ ఆమెది.
అంచు పొడుగునా మెలితిరిగిన నిచ్చెన ఒకటి గీసి
"ఇది సరిగ్గా ఉందా?" అంది.
నేనెప్పుడూ చూళ్ళేదన్నాను.
ముప్పై ఏళ్ళు కత్తిరించినా
అది నా కత్తెరకి దొరికే సైజు కాదు.

ఆఖరి వరసలో ఒక చోట
సున్నం అలాగే వదిలెయ్యమన్నాను.
"మర్చిపోయాననుకుంటారు," అంది.
అనుకోనీ.
ఎందుకో చెప్పలేదు.

ఒకసారి మాకు లెక్క తప్పింది.
నలభై ఐదే.
బల్ల కింద టార్చి వేసి వెతికాం.
మామి తన మోచేతులు తిప్పి చూసుకుంది.
అంతకుముందొకసారి ఎవరిదో ఇరవై రెండోది
చెమటకి అంటుకుని
ఆమెతోపాటు పెరంబూరు బస్సెక్కి వెళ్ళొచ్చింది మరి.
దేవసహాయం ఇంకో కణం తీశాడు. ఇంకోటి.
ఇరవై కణాలు. ఇరవై సార్లు కత్తెర.
అన్నిట్లోనూ నలభై ఐదే.
మేం పారేసింది కాదు.

నాలుగు వందల పదిహేడు బై తొంభై ఒకటి.
పేరు రాయకూడదు.
పద్నాలుగేళ్ళు, చూడ్డానికి తొమ్మిది.
నాన్న డాక్టరు గదిలో ఉండగా
మా గుమ్మంలోకొచ్చి నిలబడింది,
చేతిలో సగం కొరికిన మురుకు.
చూపించకూడదు. చూపించాను.

చివరి గడిలో జత లేని ఒక్కటి, పక్కన ఖాళీ.
అటే చూస్తుందనుకుని
నేను మాటలు వెతుక్కుంటున్నాను.
ఆ పిల్ల వేలు మొదటి వరస దగ్గర మొదలెట్టింది,
కాగితానికి తగలకుండా,
పెదాలు కదుపుతూ,
పొట్టివాటి దగ్గరికొచ్చేసరికి ఇంకా నెమ్మదిగా.
నా అరవం విని యాస పట్టేసినట్టుంది,
తెలుగులో అడిగింది:
"ఇవన్నీ నావేనా?"

నీవే.

ఇంకాసేపు చూసింది.
నుదురు తుడుచుకుని
"ఇక్కడ ఫ్యాను లేదా?" అంది.

గమ్ము ఆరింది.
లేచి వేశాను.