డ్రాగన్ పోగా మిగిలిన పాయింట్లు

ఓవర్‌టైమ్ డబ్బంతా పోసి
ముందు డ్రాగన్‌ని కొన్నాను.
తప్పు అక్కడే మొదలైందంటుంది ఎఫీ గెడెస్.
ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి,
ఏ మలుపులో బండి జారుతుందో ముందే తెలుసు ఆవిడకి.

కర్కాడీలో, సముద్రం వైపు వీధిలో,
మూతపడ్డ బ్యాంకు పైగదిలో
బుధవారం బుధవారం యుద్ధం.
ఆరడుగుల బల్ల, పచ్చగుడ్డ,
థర్మోకోల్ కొండలు, అగ్గిపుల్లల వంతెన.
కిటికీ అవతల మాత్రం
నిజం పొగమంచు.

సైన్యానికి వెయ్యి పాయింట్లు, అంతకు మించి కుదరదు.
నా డ్రాగన్ ఒక్కటే ఎనిమిది వందల ఇరవై.
మిగిలిన నూట ఎనభైకి
బల్లేలు పట్టిన మనుషులు పద్దెనిమిది మంది.
రంగు లేదు,
ఇద్దరికి చేతులు కూడా అతికించలేదు.

ఎదురుగా ఐలీ. పద్నాలుగేళ్లు.
పళ్లకి తీగ, సంచిలో లెక్కల పుస్తకం.
దాని సైన్యం చూసి నవ్వొచ్చింది నాకు.
అన్నీ గాబ్లిన్లే,
ఆవాలు చల్లినట్టు చల్లింది బల్ల మీద.

మొదటి రౌండులో నా డ్రాగన్ ఇరవై మందిని కాల్చింది.
కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.
రెండో రౌండులో ఇంకో పదకొండు మంది.
చివరి రౌండులో ఐలీ, తలెత్తకుండానే,
"వంతెన నాది, బావి నాది, గంటగోపురం నాది" అంది.
"నీ డ్రాగన్ ఎక్కడుంది, మర్డో?"

ఆకాశంలో ఉంది.
ఆకాశానికి పాయింట్లు లేవు.

ఎఫీ టీ పోసింది. చక్కెర ఎంతో అడగలేదు.
"నీకేం కావాలో కొన్నావు.
బల్లకేం కావాలో అడిగావా?
నిలబడేదెవరు? పరిగెత్తేదెవరు?
దూరం నుంచి కొట్టేదెవరు?
చచ్చిపోతే నువ్వు ఏడవనిదెవరు?"
ఆఖరి ప్రశ్న దగ్గర
టీ గొంతు దిగలేదు.

"ఒక్క పెట్టె కొను. అతికించు, రంగెయ్యి, ఆడు, ఓడు.
తర్వాతే రెండోది.
ఆకలి మీద సంతకి వెళ్లకూడదని
మీ అమ్మ చెప్పలేదూ?"

నేను పిండిమిల్లులో రాత్రి షిఫ్టు.
పొద్దున ఆరింటికి ఇల్లు చేరి షెడ్డు తలుపు తీస్తే
ప్రైమర్ కొట్టి ఆరబెట్టిన బల్లేగాళ్లు
కనుబొమల దాకా తెల్లబడి వరసలో ఉన్నారు.
అచ్చం మా షిఫ్టు దిగి గేటు దగ్గర నిలబడినట్టే.
ఆ మూలవాడికి మా ఫోర్‌మన్ పొట్ట.
చేతుల్లేని ఇద్దరికీ జిగురు పెడితే
ఒకడికి చెయ్యి తిరగబడి అతుక్కుంది.
పీకబోయి, ఎందుకో,
అలాగే ఉంచేశాను.

అయిదు నెలలు పట్టింది.
బల్లేలు నలభై, విల్లులు పదహారు, గుర్రాలు ఆరు.
కూడి చూస్తే ఎనిమిది వందల ఇరవై.
సరిగ్గా డ్రాగన్ ఖరీదు.
కాగితం మీద ఆ అంకె కేసి
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.
మిగిలిన నూట ఎనభైకి
ఒక రాళ్ల యంత్రం, ఒక జెండా పట్టేవాడు.

మళ్లీ ఐలీ. ఈసారి పళ్లకి తీగ లేదు.
గుర్రాలు తొందరపడి బావిలో పడ్డంత పని చేశాయి,
విల్లులకి గాలి కలిసి రాలేదు
(పాచికలకి గాలేమిటని ఎఫీ నవ్వింది).
ఆరో రౌండు.
వంతెన మీద ఒక్కడు,
చెయ్యి తిరగబడ్డవాడు.
వాడి చుట్టూ తొమ్మిది గాబ్లిన్లు.

నాలుగు పడాలి.
మూడు పడింది.

ఐలీ వాణ్ణి పక్కకి పడుకోబెట్టలేదు.
వేలితో పట్టుకుని దీపం కింద తిప్పి చూసింది.
"వీడు నిలబడుంటే నేను పోయేదాన్ని.
పేరేంటి?"
"పేరా? వీడు పది పాయింట్లు."
"పెట్టు" అంది, లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకుంటూ.

డ్రాగన్ ఫ్రిజ్ మీద ఉంది.
రెక్కల మీద దుమ్ము, ఒక కరెంటు బిల్లు.
అమ్మమని ఇద్దరడిగారు.
అమ్మలేదు.
రెండు వేల పాయింట్ల ఆట కూడా ఒకటుందట.